కాన్హేరి ఒర్రె వెంట, ఉలి తీసిన దారిలో

కాన్హేరి గుహలకు వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే మూడో గుహ వసారాలో నిలబడ్డ బుద్ధ విగ్రహాల గురించే చెబుతారు. ఎదురెదురుగా రెండు, ఒక్కొక్కటి దాదాపు ఏడు మీటర్ల ఎత్తు. వాటి ముందు నిలబడితే కాసేపు మాట రాదు. వాటిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆ కొండ మీద పనితనానికి పెద్దపీట ఎక్కడ వేయాలంటే, వాన నీళ్లను నడిపించడానికి బండ మీద తీసిన సన్నటి గాడులకే వేస్తాను. చాలామంది వాటిని తొక్కుకుంటూ పోతారు, చూడరు. ఒర్రె వెంట మెల్లగా నడుస్తూ, తల దించి కాలి కింద చూస్తే తప్ప ఆ పని కంటపడదు.

ముంబయిలో మన తెలుగువాళ్లుండే నాగ్‌పాడా, కామాఠిపురా చాళ్ల నుంచి కాన్హేరి ఉన్న అడవి ఎంతో దూరం లేదు. ముంబయి సెంట్రల్‌లో లోకల్ ఎక్కి బోరివలిలో తూర్పు వైపు దిగితే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం గేటు నడిచి వెళ్లేంత దగ్గర. సుమారు 104 చదరపు కిలోమీటర్ల అడవి, చుట్టూ కోటి మందికి పైగా జనం. ఇంత పెద్ద నగరం నడుమ చిరుతలు బతికే అడవి మిగలడమే ఒక వింత. గేటు నుంచి గుహల దాకా అడవిలో ఐదారు కిలోమీటర్ల రోడ్డు ఉంది. బస్సులో పోవచ్చు. పొద్దున్నే చేరుకుంటే, కాళ్లలో సత్తువ ఉంటే నడవడమే మేలు. టేకు, మోదుగ, బూరుగ, మద్ది చెట్లు వస్తూ పోతూ ఉంటాయి. తులసి సరస్సు వైపు నుంచి వచ్చే దహిసర్ నది అక్కడక్కడా కనిపిస్తుంది. బయట మురికి కాలువగా పారే నది ఇక్కడ రాళ్ల మీద తేటగా పారుతుంటే, ఇదేనా అది అనిపిస్తుంది.

అచ్చంగా అడవి నడకే కావాలనుకునేవాళ్లకు ఈ ఉద్యానంలోనే శిలోండా దారి ఉంది. ఒర్రెను పట్టుకుని సాగే దారి అది, రాళ్ల మీదుగా నీళ్లు దాటుకుంటూ పోవాలి. ఉద్యానం వాళ్ల అనుమతి తీసుకుని, వాళ్లు పంపే మనిషితోనే వెళ్లాలి. చిరుతలున్న అడవి కాబట్టి ఆ నియమం సబబైనదే. ఒడ్డున నేరేడు చెట్లు, వాలుల మీద కార్వీ పొదలు. కార్వీ ఏడెనిమిదేళ్లకు ఒకసారి పూస్తుంది, పూసిన ఏడు కొండలకు ఊదారంగు పులుముతుంది, విత్తనం రాల్చి ఎండిపోతుంది. ఆ నడక చాలా బాగుంటుంది. కాకపోతే అక్కడ దారిని చేసింది నీళ్లు, జనం అడుగులు. మనిషి చేతి పని చూడాలంటే కాన్హేరికే రావాలి.

కాన్హేరి కొండలో నూటికి పైగా గుహలున్నాయి. 109 అని లెక్క చెబుతారు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నుంచి దాదాపు వెయ్యేళ్లు బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉన్నారు. కొండల మధ్య సన్నటి లోయ ఉంది, ఆ లోయలో ఒర్రె. ఒర్రెకు అటూ ఇటూ ఉన్న వాలుల మీద వరసలు వరసలుగా గుహలు. వానాకాలంలో ఈ ఒర్రె ఉరికి కిందికి దూకుతుంది, చలికాలం నడిమికి వచ్చేసరికి మడుగులుగా మిగులుతుంది, ఎండాకాలంలో ఒట్టి రాళ్లు. పురావస్తు శాఖ ప్రతి గుహకూ నంబరు వేసింది. ఆ నంబర్లే ఇప్పటి మనకు దారి గుర్తులు. అవి లేని కాలంలో మనిషిని నడిపించినవి మెట్లు. ఇవాళ కూడా నంబర్లు మరిచిపోయి మెట్లను నమ్ముకుని నడిస్తే కొండ అంతా తిరిగి రావచ్చు.

ముందు ఆ మెట్ల సంగతి. కొండ నున్నటి బోడి బండ. వానలో పాచిపట్టి జారుతుంది. దాని మీద రోజూ తెల్లవారుజామున పాత్ర పట్టుకుని ఊళ్లలోకి భిక్షకు దిగి, ఎండ ముదరకముందే తిరిగి ఎక్కాల్సిన మనుషుల కోసం తీసిన మెట్లు ఇవి. కొలతలో అన్నీ ఒక్కలా ఉండవు, అందులోనే తెలివి ఉంది. వాలు మెత్తగా ఉన్నచోట అడుగు పట్టేంత గుంట తీసి వదిలారు. నిటారుగా ఉన్నచోట మెట్టు లోతుగా తొలిచారు, కొన్ని చోట్ల చేతికి ఆనిక దొరికేలా పక్క రాయిని మిగిల్చారు. దారి తిన్నగా పైకి పోదు. బండ ఎటు ఒదిగితే అటు ఒదుగుతుంది, గుహ గుమ్మాన్ని తాకి మళ్లీ పైకి తిరుగుతుంది. వానాకాలంలో ఎక్కితే ఇంకో సంగతి తెలుస్తుంది. చాలాచోట్ల నీళ్లు మెట్ల మీద పారవు, పక్కనున్న గాడిలో పారతాయి. దారి వేసినవాడే నీళ్లకు వేరే దారి కూడా వేశాడు.

ఆ గాడుల దగ్గరికి వస్తాను. గుహ నెత్తి మీద కొండ వాలు ఉంటుంది. ముంబయిలో ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ నీళ్లన్నీ వాలు మీదుగా జారి గుహ ముఖం మీద ధారలుగా పడితే లోపలి మనిషికి నిలవడానికి చోటుండదు, వసారా స్తంభాలు అరిగిపోతాయి. అందుకని గుమ్మానికి పైన, బండ మీద ఒక గాడి చెక్కారు. వాలు మీద నుంచి వచ్చే నీళ్లు ఆ గాడిలో పడి పక్కకు మళ్లుతాయి, మళ్లి ముంగిట్లో ఓ మూలనున్న రాతి తొట్టిలోకి చేరతాయి. పీడ అనుకున్న నీళ్లే తాగే నీళ్లయ్యాయి. రెండు పనులు ఒక్క గాడితో.

ఆ పని ఎంత కష్టమైందో రాయి కొట్టే మనిషికి చెప్పనవసరం లేదు. ఇటుక కట్టుబడిలో వాటం తప్పితే నాలుగు తాపీల సున్నం వేసి సరిచేసుకోవచ్చు. కొండలో తొలిచినప్పుడు తీసిన రాయిని తిరిగి పెట్టలేం. గాడికి వాటం ఎక్కువైతే నీళ్లు ఉరికి అంచు దాటి దూకేస్తాయి, తక్కువైతే నిలిచి ఆకులు కుళ్లుతాయి. చూపుకు అందనంత తక్కువ వాలును పొడవునా ఎక్కువా తక్కువా కాకుండా నిలబెట్టాలి. అది ఎలా సాధించారో నాకు తోచేది ఒకటే: పోసి చూసి చెక్కారు. కాసిన్ని నీళ్లు పోయడం, ఆగినచోట మళ్లీ ఉలి పెట్టడం. నీళ్లనే కొలబద్దగా పెట్టుకున్న పని ఇది. పద్దెనిమిది వందల ఏళ్లు దాటాక కూడా కొన్ని గాడుల్లో జులై వాన తనకు చెప్పిన దారినే పోతోంది.

తొట్లు ఇంకో అద్భుతం. దాదాపు ప్రతి పెద్ద గుహకూ ముంగిట్లో ఒక పక్కన తొట్టి ఉంటుంది. పైకి కనిపించేది చిన్న చదరపు నోరు. వంగి చూస్తే లోపల నేల కింద ఒక గదంత జాగా విస్తరించి ఉంటుంది. నోరు చిన్నగా ఉండడం వల్ల ఎండ తగలదు, నీళ్లు ఆవిరైపోవు, వెలుతురు సోకదు కాబట్టి పాచి తక్కువ, కోతులు దిగలేవు, ఆకులు అంతగా రాలవు. కొన్నిటి నోటి చుట్టూ అంగుళం మేర రాయి దింపి గట్టు తీశారు. పైన చెక్క మూత కూర్చోవడానికి అది. పగులు లేని బండను ఎంచుకోవడం, పైనున్న ముంగిలి కూలకుండా కప్పుకు తగినంత మందం వదలడం, ఇరుకు నోట్లో నుంచి దిగి, చీకట్లో పక్కలకు తొలుస్తూ రాతి పొడినంతా ఆ నోట్లో నుంచే పైకి పంపడం. పైన బుద్ధ విగ్రహం చెక్కినవాడికి వెలుతురుంది, చూసి మెచ్చుకునే జనం ఉన్నారు. ఈ తొట్టి తొలిచినవాడి పని నీళ్లు నిండిన రోజు నుంచి ఎవరికీ కనిపించదు. అయినా లోపలి గోడల మీద ఉలి గీతలు ఒకే వరసలో, ఒకే ఏటవాలులో ఉన్నాయి, నీళ్లు తగ్గిన రోజుల్లో ఎండ ఏటవాలుగా పడితే కనిపిస్తాయి. కనిపించని చోట కూడా చేయి తేడా రానివ్వలేదు. నేను పనితనం అనేది దీన్నే.

పై వరసలో నిండినవి పోగా మిగిలిన నీళ్లు కింది వరసకు, అక్కడి నుంచి చివరికి ఒర్రెలోకి. కాకతీయుల నాడు తెలంగాణలో తవ్వించిన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి పోస్తే కింది చెరువు నిండినట్టే ఇక్కడ కొండ మొత్తం నీళ్లను కింది మెట్టుకు అందిస్తుంది. లోయ పైభాగాన ఒర్రెకు అడ్డంగా కట్టిన పాత కట్ట శిథిలాలు కూడా ఉన్నాయి. నాలుగు నెలల వానతో మిగతా ఎనిమిది నెలలు వందలమందిని బతికించిన ఏర్పాటు ఇది. పొద్దున నల్లా వచ్చే వేళకు లేచి, ఖోలీలో డ్రమ్ము నింపుకున్నాకే మిగతా పనులు చూసుకునే చాళ్లవాళ్లకు ఈ తొట్ల విలువ ఎవరూ వివరించనక్కర్లేదు. నాగ్‌పాడా పక్కనే దో టాంకీ అనే పేట ఉంది, పాత బొంబాయి చెరువుల మీద, బావుల మీద బతికిన రోజుల గుర్తు ఆ పేరు. కొళాయి నీళ్లు నగరానికి వచ్చింది 1860లో విహార్ సరస్సు కట్టాక. 1879 నాటికి తులసి సరస్సు తోడైంది. ఆ రెండూ కాన్హేరి ఉన్న ఈ కొండల్లోవే. భిక్షువులు తొట్లలో పట్టిన వాననే పదిహేడు వందల ఏళ్ల తర్వాత ఇంజినీర్లు సరస్సుల్లో పట్టారు.

ఈ తొట్లకు మన చరిత్రతో సూటి సంబంధం ఉంది. ఐదో గుహ దగ్గరున్న తొట్టి మీద ఒక శాసనం చెక్కి ఉంది. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి ప్రస్తావన అందులో వస్తుంది. ఆమె శకుల కార్దమక వంశంలో పుట్టింది, మహాక్షత్రపుడి కుమార్తె. ఆ మహాక్షత్రపుడు రుద్రదామనుడేనని పండితుల నిర్ణయం. శాతవాహనులకూ శకులకూ మధ్య యుద్ధాలూ వియ్యమూ రెండూ నడిచాయని చరిత్రకారులు ఇవాళ చెబుతున్నారంటే, దానికి పెద్ద ఆధారం ఈ తొట్టి మీది అక్షరాలే. శతేరకుడనే అమాత్యుడు తాగునీటి తొట్టిని దానం చేస్తూ రాయించిన మాటలవి. రాజుల పెళ్లి సంగతి మనకు మిగిలింది నీళ్ల తొట్టి పుణ్యమా అని.

మూడో గుహలోని పెద్ద చైత్యం యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంలో మొదలైంది. ఎనభై ఒకటో గుహలో ఆ రాజు పదహారో పాలనా సంవత్సరం నాటి శాసనం ఉంది. అదే రాజు ఇరవై ఏడో ఏటి శాసనం మన ఆంధ్ర తీరాన చినగంజాంలో దొరికింది. అరేబియా సముద్రం పక్కనున్న ఈ కొండా బంగాళాఖాతం ఒడ్డునున్న ఆ ఊరూ ఒకే పాలనలో ఉండేవని ఈ రెండు రాళ్లూ చెబుతున్నాయి. రాజులే కాదు, కల్యాణ్ నుంచి, సోపారా నుంచి, చౌల్ నుంచి వ్యాపారులు వచ్చి ఇక్కడ గుహలూ తొట్లూ తొలిపించారు. కల్యాణ్ స్వర్ణకారుడొకడు తొట్టి దానం చేసి పేరు రాయించుకున్నాడు. ఎనభై ఒకటో గుహ దాత భిక్షువుల ఖర్చుకు మంగళస్థానంలో పొలం ఇచ్చాడు. ఆ ఊరే నేటి మాగాఠాణే, మనం లోకల్ దిగే బోరివలి తూర్పు పక్కనే.

నన్ను అన్నిటికంటే కదిలించే శాసనం మూడో గుహ గుమ్మం దగ్గరిది. బాగా దెబ్బతింది, చాలా అక్షరాలు పోయాయి. మిగిలినదాంట్లో చైత్యం కట్టించిన వర్తక సోదరుల పేర్లున్నాయి, పని చూసుకున్న భిక్షువుల ప్రస్తావన ఉంది. ఆ వరసలోనే రాతి పనివాళ్లను, మెరుగుపెట్టే పనివాణ్నీ తలచుకున్నారు. డబ్బిచ్చినవాళ్ల పక్కన ఉలి పట్టినవాళ్లకు చోటిచ్చారు. ఈ దేశంలో ఎన్ని గుడులు, ఎన్ని కోటలు కట్టారు, ఎన్నిట్లో పనివాడి మాట రాశారు? చాలా కొద్దిచోట్లే.

ఇది మన పేటవాళ్లు తప్పకుండా ఆలోచించాల్సిన సంగతి. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన కమాఠీలు ఈ నగరానికి మట్టి మోశారు, రాయి మోశారు, గోడలు లేపారు. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు నీటిని ఆపాక ఆరిన పల్లపు నేల మీద వాళ్లు గుడిసెలు వేసుకున్నారు. అదే కామాఠిపురా. నంబర్ల గల్లీలుగా పెరిగింది, తరాలు మారాయి, బతుకమ్మ ఇంకా ఆడుతున్నారు. వాళ్ల చేతి మీదుగా లేచిన భవనాల మీద గవర్నర్ల పేర్లున్నాయి, వాస్తుశిల్పుల పేర్లున్నాయి, దాతల పేర్లున్నాయి. కమాఠీల పేరు మిగిలింది ఒక పేటకు. ఆ పేటను కూడా బయటివాళ్లు ఒకే ఒక్క సంగతికి గుర్తుపెట్టుకుంటారు. అది అన్యాయం. శాతవాహనుల కాలంలో ఒక రాతి పనివాడికి దక్కిన గౌరవం పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల బొంబాయి మనవాళ్లకు ఇవ్వలేదు.

పని ఎలా సాగిందో చూడాలంటే పూర్తయినవాటి కన్నా పూర్తికానివే మంచి బడులు. మొదటి గుహ అలాంటిది. పెద్ద ఎత్తున తలపెట్టారు, ముఖం మీద రెండు లావాటి స్తంభాలు నిలిపారు, లోపల మధ్యలో వదిలేశారు. కట్టడమంటే కింది నుంచి పైకి పోవడం మనకు అలవాటు. ఇక్కడ అంతా తలకిందులు. ముందు కప్పు తొలిచి, దిగుతూ స్తంభం మిగిల్చి, చివరికి నేల చేరతారు. కాబట్టి పరంజా అక్కర్లేదు, రాయే పరంజా. కానీ మొదటి ఉలి దెబ్బ పడకముందే నేల ఎక్కడ వస్తుందో, స్తంభం ఎంత లావు మిగలాలో లెక్క తేలి ఉండాలి. మూడో గుహలో 34 స్తంభాలున్నాయి. కొన్నిటికి పీఠాలు, ఏనుగులెక్కిన బొమ్మల తలకట్లూ చక్కగా చెక్కారు. మిగతావి బోసి ఎనిమిది పలకల స్తంభాలుగానే ఉండిపోయాయి. కార్లే చైత్యంతో పోల్చి దీన్ని తక్కువ చేసిన పండితులున్నారు. శిల్పం వరకు ఆ మాట ఒప్పుకుంటాను. ఒక పనిని మధ్యలో చూసే అవకాశం కార్లేలో లేదు, ఇక్కడ ఉంది.

దారి పొడవునా ఇంకా చిన్న చిన్న ఏర్పాట్లున్నాయి. గుహల ముఖం మీదా ముంగిట్లోనూ గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. కర్రలు దిగేసి వానాకాలం పందిరి వేసుకోవడానికి తీసినవి అనిపిస్తుంది. వసారాల్లో గోడను ఆనుకుని రాతి అరుగులు, కూర్చుంటే వీపుకు గోడ, ఎదురుగా లోయ, కింద ఒర్రె చప్పుడు. ఏ అరుగు మీద కూర్చున్నా ముందు చెట్ల తలలు, ఆకాశమే. పదకొండో గుహలో నేల మీదే రెండు పొడవాటి రాతి బల్లలు తీశారు, అందరూ కలిసి కూర్చునే చోటు. తొంభయ్యో గుహలో పదకొండో శతాబ్దం తొలినాళ్లలో వచ్చిన పార్సీ యాత్రికులు పహ్లవీ లిపిలో పేర్లు చెక్కి పోయారు. వాళ్లు కూడా ఈ మెట్లే ఎక్కారు, ఈ తొట్ల నీళ్లే తాగి ఉంటారు.

ఇవాళ కొండ మీద నాకు నచ్చనివి రెండు. తొట్లలో ప్లాస్టిక్ సీసాలు తేలుతుండడం, సున్నం గోడ మీద రాసినట్టు గుహ గోడల మీద పేర్లు గీకడం. పాత శాసనాలు చదవడానికి పండితులు ఏళ్ల తరబడి కష్టపడ్డ గోడల పక్కనే ఆ గీతలు. మన పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు గుహలోకి అడుగు పెట్టకముందే ఈ రెండు మాటలూ చెప్పాలి.

ఎప్పుడు వెళ్లాలంటే, గాడుల్లో నీళ్లు పారుతుండగా చూడాలనుకునేవాళ్లు వానాకాలం చివర, సెప్టెంబరులో వెళ్లండి. అప్పటికి జడివాన తగ్గుతుంది, ఒర్రె ఇంకా పారుతుంటుంది, తొట్లు నిండి ఉంటాయి. మెట్లు జారతాయి, అడుగు పట్టే చెప్పులు వేసుకోవాలి. తొట్ల లోపలి ఉలి గీతలు చూడాలంటే నీళ్లు తగ్గాక ఫిబ్రవరి, మార్చి మేలు. చేతిలో చిన్న టార్చి ఉండాలి. తినుబండారాలు పైకి కనిపిస్తే కోతులు లాక్కుంటాయి. మీ ఇంట్లో మేస్త్రీ పని చేసిన తాతలు ఉండి, మోకాళ్లు సహకరిస్తే, వాళ్లను తప్పక తీసుకెళ్లండి. పైదాకా ఎక్కలేకపోయినా మొదటి గుహ, మూడో గుహ దారి మొదట్లోనే ఉన్నాయి. సోమవారం ఉద్యానం మూసి ఉంటుంది, మిగతా ఏ రోజైనా పొద్దున్నే బయలుదేరండి.